మట్టికి తప్పు

కడియపులంకలో ఏడో తరగతికి
మొదటి పీరియడు లెక్కలు పెట్టకూడదు.
సగం మంది గోళ్లలో ఎర్రమట్టి,
సగం మంది కళ్లలో ఇంకా తెల్లారని నిద్ర.
కొందరికి రెండూ.

నల్లబల్ల మీద మూడు బై నాలుగు వేసి
పైన లవం, కింద హారం అన్నాను.
"హారమంటే దండ కదండీ మాస్టారూ,
మెడలో ఉండాల్సింది కిందికెందుకెళ్లిందండీ?"
అడిగింది లోవకుమారి.
అందరితో పాటు నేనూ నవ్వేశాను.
జవాబు నాకిప్పటికీ తెలీదు.

మూడు బై నాలుగు, ఆరు బై ఎనిమిది,
తొమ్మిది బై పన్నెండు:
చొక్కాలు వేరు, మనిషొకడే అన్నాను.
మా నాయనమ్మయితే
నాలుగు పరకలు అర, పన్నెండు వీసాలు ముప్పావు అని
తమలపాకుకి సున్నం రాస్తూనే తేల్చేసేది.

నిష్పత్తి దగ్గర బండి దిగబడింది.
లోవకుమారి నోట్సులో
3 : 1 = 8 : 6.
"రెండు వైపులా అయిదేసి కలిపానండి,
ఎవరికీ తక్కువ చెయ్యలేదు."
ఆ ధీమా మీద
ఎర్రసిరాతో ఇంటూ కొట్టబుద్ధి కాలేదు.

"మీ అమ్మ సంచుల్లోకి మట్టి ఎలా కలుపుతుంది?"
"మూడు గంపల మట్టికి గంపెడు పెంటండి."
"పెంట ఆరు గంపలుంటే?"
వేళ్లు గౌను అంచు మీద నడిచాయి.
"ఆయ్, పద్దెనిమిది."
"మరి నీ ఎనిమిది?"

కిటికీలోంచి కాలువ వైపు చూసింది.
మొక్కల లారీ ఒకటి గట్టు మీద వెళ్లేదాకా చూసింది.
"గులాబీ అంట్లు మాడిపోతాయండి.
పోయినేడు మా బాబాయి చేతికొచ్చినట్టు ఏసేస్తే
రెండొందల మొక్క,
ఆకుల అంచులు కాలిన అప్పడాలయిపోయాయి."
తనే రబ్బరు తీసుకుంది.
కాగితం కాస్త చిరిగింది.

దసరా సెలవులయ్యాక
మధ్యాహ్నం గుడ్డు తినకుండా చేతిలో పట్టుకుని
స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది.
"ఇంకో లెక్కండి. పుస్తకంలోది కాదు."

నాన్న కూలి ఆరొందలు, అమ్మ కూలి మూడొందలు.
లారీ ఎత్తేది మగాళ్లు, సంచులు నింపేది ఆడాళ్లు,
ఎండ మాత్రం ఇద్దరికీ ఒకటే.
కూలి పెంచమంటే ఓనరు రెండు దారులు చూపాడట:
ఉన్నదాని మీద పావు వంతు,
లేదా తలా ఒక వంద.

"పావు వంతయితే
ఏడొందల యాభైకి మూడొందల డెబ్భై అయిదు.
ఇంటికి పాతిక ఎక్కువే వస్తదండి, నాన్న అదే అంటన్నాడు.
కానీ మళ్లీ రెండుకి ఒకటే కదండీ?
ఎన్నేళ్లు పెంచినా రెండుకి ఒకటే.
అమ్మ వందే కావాలంటంది."

కుర్చీ లాగి కూర్చోబెట్టాను.
ఏడొందలకి నాలుగొందలు.
సున్నాలు తనే కొట్టేసింది. ఏడుకి నాలుగు.
అడ్డ గుణకారం వేసింది:
నాలుగు రెళ్లు ఎనిమిది,
ఏడొకట్ల ఏడు.
ఎనిమిది దగ్గర పెన్సిలు ఆగిపోయింది.

"మరి అప్పుడు తప్పన్నారు కదండీ,
రెండు వైపులా ఒకటే కలిపితే?"

"మట్టికి తప్పు," అన్నాను.
అంతకంటే ఏం చెప్పాలో తోచేలోపు
గంట కొట్టారు.

ఓనరు ఇంకా ఏదీ తేల్చలేదు.
సాయంత్రం సైకిలు మీద ఆ నర్సరీ పక్కనుంచే వచ్చాను.
వరసగా కూర్చున్న ఆడవాళ్లలో
లోవకుమారి అమ్మ ఎవరో గుర్తుపట్టలేకపోయాను.
అందరి చేతులూ ఒకేలా వెళ్తున్నాయి,
మట్టి, మట్టి, మట్టి,
పెంట.